బకిల్లో అక్షింత

రేడియోలో బొమ్మ చూపించే వీలు లేదు కాబట్టి ఒక చప్పుడుతో మొదలుపెడతాను. కారెక్కి కూర్చున్నారు. భుజం వెనక నుంచి బెల్టు లాగారు. దాని కొసనున్న ఇనప నాలికని నడుం పక్కనున్న పెట్టెలోకి తోశారు. టక్. ఆ చప్పుడు మీరు విన్నారు, పక్కవాళ్లు విన్నారు. ఇంకొకటి కూడా దాన్ని పసిగట్టింది. అది ఆ పెట్టెలోనే, కందిబద్దంత జాగాలో ఉంటుంది. బెల్టు పడిందా లేదా అని కారుకి కబురందించే స్విచ్చి అది. ఈ పూట నా మాటలన్నీ దాని చుట్టూనే.

నేను పాలిటెక్నిక్‌లో 28 ఏళ్లు ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు, డిఫరెన్షియల్, అన్నీ చాక్‌పీసు పొడి ముక్కుల్లోకి పోయేలా చెప్పాను. ఈ స్విచ్చి గురించి మాత్రం ఒక్క పీరియడ్ కూడా చెప్పలేదు. సిలబస్‌లో లేదనేది సాకు. అదొక లెక్కలోకి వచ్చే వస్తువని నాకే తోచలేదు. పోయిన మాఘమాసంలో పది రోజుల తేడాతో రెండు సంగతులు జరిగాయి. ఒకదాంట్లో బెల్టు పెట్టుకోకపోయినా కారు నోరు మెదపలేదు. రెండోదాంట్లో పెట్టుకున్నా ఊరుకోలేదు.

మొదటిది మా బావమరిది కారు. ఏలూరులో పెళ్లికని విజయవాడ నుంచి బయల్దేరాం. తోలేది అతను, పక్కన నేను, వెనక మా ఆవిడ, అతని భార్య, వాళ్ల పాప. బెంజి సర్కిల్ దాటాం, రామవరప్పాడు రింగు దాటాం, రోడ్డు ఖాళీ దొరికి కారు 80 అందుకుంది. అతని బెల్టు మాత్రం గోడకి తగిలించిన పాత చొక్కాలా తలుపు పక్కనే వేలాడుతోంది. అయినా కారులో చీమ చిటుక్కుమనలేదు. 2021 మోడల్ కారు, మోగి తీరాలి. వంగి చూస్తే అతని పక్క బకిల్లో నాలిక ఉంది. పట్టీ లేదు. ఉత్త నాలిక. దాని మీద కారు కంపెనీ ముద్ర ఒకటి తళతళలాడుతూ.

“ఇదేంటయ్యా?” అన్నాను.

“క్లిప్ బావగారూ. సీటు కవర్లు వేయించినప్పుడు షాపువాడే ఊరికే ఇచ్చాడు. లేకపోతే ఒకటే గోల, టింగుటింగుమని.”

“మరి పోలీసులు చూస్తే?”

“దూరం నుంచి కనపడగానే బెల్టు లాగి భుజం మీద వేసుకుంటాంగా!”

గన్నవరంలో టీకి ఆగినప్పుడు ఎర్ర బొత్తాం నొక్కి ఆ క్లిప్ పీకి జేబులో వేసుకున్నాను. మళ్లీ బండి కదిలిందో లేదో మొదలైంది సంగీతం. మొదట మెల్లగా, వేగం పెరిగేకొద్దీ వడివడిగా. వెనక నుంచి చెల్లెమ్మ, “అన్నయ్యగారూ, ఆ బిళ్ల అందులో పెట్టెయ్యండి, పాప లేస్తుంది” అంది. గోల గోలే, నేను కాదనను. చివరికి మావాడు బెల్టు పెట్టుకున్నాడు, నా మీద కోపంతో. హనుమాన్ జంక్షన్ దాటేదాకా మాటల్లేవు.

రెండోది నా కారు. దానికి తొమ్మిదేళ్లు, నాలాగే పాతబడింది. ఒక ఉదయం బెల్టు పెట్టుకున్నాను, టక్‌మని చప్పుడూ వచ్చింది, అయినా మీటర్లో ఎర్ర దీపం ఆరలేదు. తీసి పెట్టాను. ఆరలేదు. మూడు రోజులు ఆ మోతతోనే తిరిగాను. సర్వీసు సెంటర్‌కి తీసుకెళితే చూసినాయన బకిల్ని ముట్టుకోకుండానే సెట్టు మొత్తం మార్చాలన్నాడు, పార్టు వారం తర్వాత వస్తుందన్నాడు. ఇక్కడొక మాట సిగ్గు విడిచి చెబుతున్నాను. నాలుగో రోజున చొక్కా జేబులో మా బావమరిది క్లిప్ చేతికి తగిలింది. పెట్టి చూశాను. అంత పాఠం చెప్పిన నేనే పెట్టి చూశాను. అదీ పనిచెయ్యలేదు.

ఇక ఆటోనగర్ వెళ్లాను. అక్కడ నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు పెట్టాడు. కుర్రాడంటే ఇప్పుడు నలభై దాటాయి. “దీన్ని విప్పకూడదు మాస్టారూ, ముందు దులిపి చూద్దాం” అని బకిల్ని తలకిందులు చేసి, నోట్లోకి ఎయిర్ గన్ పెట్టి గాలి కొట్టాడు. దుమ్ము వచ్చింది. పల్లీ పొట్టు వచ్చింది. చివరగా ఒక పసుపు గింజ ఎగిరి నా చెప్పు మీద పడింది. అక్షింత! ఆ మధ్య రథసప్తమికి గుళ్లో కారుకి పూజ చేయించాను. పూజారిగారు దీవించి చల్లిన వాటిలో ఒకటి బకిల్లోకి దిగి, లోపల అడ్డం పడింది. నాలిక పట్టుకుంటోంది కానీ, దాని ముందున్న జారుడు ముక్క చివరి మిల్లీమీటరు వెళ్లటంలేదు. స్విచ్చికి కావలసింది ఆ చివరి మిల్లీమీటరే.

“సరిగ్గా ఉందో లేదో లాగి చూడండి” అని గట్టిగా రెండు సార్లు గుంజించాడు. మళ్లీ ఇలా వస్తే మాత్రం ఆలోచించకుండా బకిల్ మార్చెయ్యమన్నాడు. ఆ తర్వాత, గురువుగారికి పాఠం చెప్పే అవకాశం ఎప్పుడో గానీ రాదు కదా, తుక్కులోంచి ఒక పాత బకిల్ తీసి, పైనున్న నల్ల డొప్ప చీల్చి బల్ల మీద పెట్టాడు.

లోపల ఏముందో చెబుతాను, మనసులో బొమ్మ కట్టుకోండి. ఉక్కు రేకుతో చేసిన మూడు వేళ్ల వెడల్పు చట్రం. నాలికకున్న కంతలోకి దిగి పట్టుకునే కొక్కెం ఒకటి. దాన్ని విడిపించే ఎర్ర బొత్తాం. నాలిక లోపలికి రాగానే వెనక్కి జరిగి, బొత్తాం నొక్కినప్పుడు స్ప్రింగు బలంతో నాలికని బయటికి తన్నే ఒక ప్లాస్టిక్ ముక్క. అదే జారుడు ముక్క. ఇంతవరకూ అంతా ఇనుమూ స్ప్రింగులూ, తాళంకప్ప చేసేవాడికి అర్థమయ్యే పని. ఆ జారుడు ముక్క పక్కన నువ్వుగింజకి నాలుగింతలుండే అయస్కాంతం అతికించి ఉంది. దానికి ఎదురుగా అగ్గిపుల్ల ముక్కంత గాజు గొట్టం. ఆ గొట్టంలో రెండు సన్నటి లోహపు రేకులు, ఒకదాని కొస మీదికి ఒకటి వచ్చేలా, మధ్యలో వెంట్రుకవాసి ఎడంతో. అయస్కాంతం దగ్గరికి వస్తే రేకులు రెండూ అతుక్కుంటాయి, దూరం పోతే విడిపోతాయి. దీన్ని రీడ్ స్విచ్ అంటారు. 1936లో అమెరికాలో బెల్ లేబొరేటరీస్ ఇంజనీరు వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టాడు. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వేలకి వేలు ఉండేవి. గాజులో సీలు వేసి ఉంటుంది కాబట్టి దుమ్మూ తేమా రేకులకి అంటవు.

ఆ కుర్రాడు మల్టీమీటర్ పుల్లలు ఆ గొట్టం నుంచి వచ్చే రెండు వైర్లకీ తగిలించి నాలిక తోశాడు. మీటర్ కూత ఆగింది. తీశాడు. కూసింది. “చూశారా మాస్టారూ, బెల్టు లేనప్పుడు కరెంటు పోతుంది, ఉన్నప్పుడు ఆగిపోతుంది. ఇప్పుడీ వైరు ఎలక కొరికిందనుకోండి, కారు ఏమనుకుంటుంది?”

ఏమనుకుంటుంది! బెల్టు పెట్టుకున్నారనే అనుకుంటుంది. తెగిన వైరుకీ పెట్టుకున్న బెల్టుకీ ఈ స్విచ్చి దగ్గర తేడా లేదు. తిరగేసి కట్టినా తంటాయే. అప్పుడు తెగిన వైరుకీ పెట్టుకోని బెల్టుకీ తేడా ఉండదు, రెండు తీగలు ఎక్కడైనా ఒరుసుకుని కలిసిపోతే మళ్లీ మొదటి అబద్ధమే. ఔను, కాదు అని రెండే మాటలు వచ్చిన సాక్షితో ఉన్న చిక్కు ఇది. సాక్షి చచ్చిపోయినా అతని మౌనాన్ని మనం ఏదో ఒక జవాబు కింద రాసేసుకుంటాం.

ఈ చిక్కు విప్పిన పద్ధతి నాకు భలే నచ్చింది. ఇప్పటి కార్లలో చాలావాటికి రీడ్ స్విచ్ బదులు హాల్ సెన్సర్ వాడుతున్నారు. హాల్ అంటే గది కాదు, మనిషి పేరు. ఎడ్విన్ హాల్ 1879లో, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఇంకా విద్యార్థిగా ఉండగానే, పల్చటి బంగారు రేకులో కరెంటు పంపి, దాని పక్కన అయస్కాంతం పెట్టి చూశాడు. రేకుకి అడ్డంగా, అటూ ఇటూ అంచుల మధ్య చిన్న వోల్టేజి పుట్టింది. 140 ఏళ్లు దాటాక ఆ సంగతి మన నడుం పక్కన కూర్చుని పనిచేస్తోంది. దీంట్లో కదిలే రేకులు లేవు, అరిగే కాంటాక్టులు లేవు. ఇంకా గొప్పేమిటంటే ఇది రెండే వైర్ల మీద మూడు సంగతులు చెప్పగలదు. మామూలుగా దొరికే వాటిలో ఒక స్థితికి 5 నుంచి 7 మిల్లీయాంపులు, రెండో స్థితికి 12 నుంచి 17 మిల్లీయాంపులు లాగుతుంది. అంటే బతికున్నంతసేపూ ఏదో ఒకటి పలుకుతూనే ఉంటుంది. ‘ఊఁ’ అంటుంది, లేదా ‘ఊహూఁ’ అంటుంది. కరెంటు సున్నా అయిందంటే వైరు తెగిందని, మరీ ఎక్కువైందంటే తీగలు కలిసిపోయాయని కారు కనిపెట్టి, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగిస్తుంది. మౌనాన్ని జవాబుగా తీసుకోదు. మామూలు స్విచ్చికే లోపల రెండు రెసిస్టర్లు కలిపి ఇదే పని చేయించే పద్ధతీ ఉంది.

ఇంతకీ ఒక బెల్టు అలారానికి ఇంత జాగ్రత్తా అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. ఆ వైర్లు ఎక్కడికి పోతున్నాయో చూస్తే అర్థమవుతుంది. టింగుటింగులాడే మీటరు దగ్గరికి మాత్రమే కాదు, చాలా కార్లలో అవి గేరు కర్ర కింద ఎక్కడో బిగించి ఉన్న ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ దగ్గరికి పోతాయి.

ఆ కంప్యూటర్‌కి అసలు పని జీవితంలో ఒకేసారి పడుతుంది, అదీ పడితే. కారు దేన్నయినా ఢీకొన్నప్పుడు సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపల ఇది గుద్దుకోవటమా, గుంతలో పడటమా అని తేల్చి, బెల్టుని వెనక్కి బిగించే మందుగుండు పేల్చాలా, బ్యాగు పేల్చాలా అని నిర్ణయించి, బ్యాగు నింపెయ్యాలి. మనం ‘అమ్మో’ అనేలోపు అంతా అయిపోతుంది. ఆ లెక్కలో బకిల్ స్విచ్చి చెప్పిన మాట కూడా ఉంటుంది. అమెరికాలో హైవే భద్రత మీద పనిచేసే ఐ.ఐ.హెచ్.ఎస్. అనే బీమా సంస్థల సంఘం దీన్ని అంకెల్లో చెబుతుంది. బెల్టు లేని మనిషికి ముందు బ్యాగు, గట్టి గోడని గంటకి 16 నుంచి 19 కిలోమీటర్ల వేగంతో గుద్దినంత దెబ్బకే తెరుచుకుంటుంది. బెల్టు ఉన్న మనిషికి సుమారు 26 కిలోమీటర్ల దాకా ఆగుతుంది, ఎందుకంటే ఆలోపు దెబ్బకి బెల్టు ఒక్కటే సరిపోతుంది. అన్ని కార్లలో ఇలా ఉండదు, మోడల్‌ని బట్టి లెక్క మారుతుంది. కానీ ఇలాంటి కారులో క్లిప్ పెట్టినాయన సంగతి ఆలోచించండి. 22 కిలోమీటర్ల దెబ్బ తగిలింది. ‘ఈయన బెల్టుంది, నేనక్కర్లేదు’ అని బ్యాగు ఊరుకుంటుంది. ఆయనకి బెల్టూ లేదు, బ్యాగూ లేదు. స్టీరింగ్ ఉంది.

మా బావమరిది అనుకున్నట్టు ఆ క్లిప్ మోసం చేస్తున్నది పోలీసుల్ని కాదు. పోలీసు కంటితో చూస్తాడు, అతనికి క్లిప్ అడ్డం రాదు. అది మోసం చేస్తున్నది అతను తనని కాపాడుకోవటానికి తన డబ్బుతోనే కొనుక్కున్న యంత్రాన్ని.

అయితే, మావాణ్ణి తిట్టి ఊరుకుంటే సరిపోదు. ఈ మోతకి మనుషులు ఎందుకింత ఎదురు తిరుగుతారో చూడాలి. దానికి అమెరికా కథ ఒకటి చెప్పి తీరాలి.

మూడు చోట్ల బిగించే ఈ బెల్టు స్వీడన్‌లో పుట్టింది. వోల్వోలో చేరకముందు నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు సాబ్ కంపెనీలో విమానాల నుంచి పైలట్‌ని బయటికి విసిరే సీట్లు తయారు చేసేవాడు. మనిషిని బయటికి విసరటం తెలిసినాయనే లోపల పట్టి ఉంచటం కనిపెట్టాడు. 1959లో మొదటి కార్లకి వచ్చింది. వోల్వో ఆ పేటెంట్‌ని అందరికీ వదిలేసింది. బాగుంది. కానీ బెల్టులు బిగించినంత మాత్రాన జనం పెట్టుకుంటారా? పెట్టుకోలేదు. 1972 నుంచి అమెరికా కార్లలో దీపం, బజర్ వచ్చాయి. జనం ఏం చేశారు? బెల్టుని సీటు మీద ఒకసారి పెట్టేసి, ఎప్పటికీ దాని మీదే కూర్చున్నారు. క్లిప్ పుట్టకముందే పుట్టిన క్లిప్ విద్య అది.

దాంతో 1974 మోడల్ కార్లకి ఇంకో మెట్టు పైకి వెళ్లారు. బెల్టు పెట్టుకోకపోతే బండి స్టార్టే కాదు. ఊరికే పెట్టి ఉంచినా కుదరదు. ముందు సీటు మీద బరువు పడాలి, ఆ తర్వాత బకిల్ పడాలి. ఆ వరుస తప్పితే కారు ఒప్పుకోదు. కాగితం మీద చూస్తే ముచ్చటైన తర్కం. నేను క్వశ్చన్ పేపర్ ఇస్తే ఇలాంటి సర్క్యూటే గీయమని అడిగేవాణ్ణి.

బయట ఏమైంది? పక్క సీట్లో కూరగాయల సంచీ పెడితే బండి కదలదు. కుక్కని కూర్చోబెడితే కదలదు. సంచీకీ కుక్కకీ కూడా బెల్టు కట్టాలి. దానికి తోడు స్విచ్చిలు, సెన్సర్లు అప్పటికింకా పచ్చివి. బెల్టు పెట్టుకున్నవాళ్లకి కూడా మొరాయించిన బళ్లున్నాయి. వానలో, ఆఫీసు వేళ, కారు కదలక నిలబడ్డ మనిషికి భద్రత గురించి ఏం చెబుతారు? జనం కోపం పార్లమెంటుకెక్కింది. వాళ్ల కాంగ్రెసు చట్టం చేసింది. స్టార్టర్‌ని ఆపే నిబంధన రద్దు. బజర్ 8 సెకన్లకి మించి మోగాలని ప్రభుత్వం అడగటానికి వీల్లేదు. 1974 అక్టోబర్ 27న ప్రెసిడెంట్ దాని మీద సంతకం పెట్టాడు. కార్ల చట్టానికి సంతకం పెట్టిన ఆ ప్రెసిడెంట్ పేరు ఫోర్డ్ కావటం విధి చమత్కారం. ఆ 8 సెకన్ల గీత 2012లో కొత్త చట్టం చెరిపేదాకా, 38 ఏళ్లు అలాగే ఉంది.

ఒక్క ఏడాది వచ్చిన తొందరపాటు తర్కం దాదాపు నాలుగు దశాబ్దాలు అలారం నోరు కట్టేసింది. అందులో నాకు కనపడింది ఇదీ: బెల్టు పెట్టుకోని వాడి మీద మోగినందుకు అలారం ఓడిపోలేదు. తప్పు చెయ్యని వాడి మీద మోగినందుకు ఓడిపోయింది. నాకు మూడు రోజుల అక్షింత మోత చాలు, క్లిప్ జేబులోంచి బయటికి తీయటానికి. ఒక్కో తప్పుడు అలారం ఒక్కో క్లిప్పుకి గిరాకీ పుట్టిస్తుంది. స్విచ్చి తయారు చేసేవాళ్లు మిల్లీయాంపుల దాకా వెళ్లి పాకులాడేది ఇందుకూనేమో.

మన సంగతికొస్తే, 2019 జులై 1 నుంచి దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ ముందు సీట్లు రెండిటికీ ఈ అలారం తప్పనిసరి. అదే రోజు నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, 80 దాటితే కూసే వేగం హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సర్లు కూడా. ఆ సెప్టెంబరు నుంచి బెల్టు లేకపోతే జరిమానా వెయ్యి రూపాయలు. అలారం వచ్చింది, దాని వెనకే క్లిప్పూ వచ్చింది. ఆన్‌లైన్‌లో ఎంత విరివిగా అమ్మారంటే, 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ అయిదు పెద్ద ఆన్‌లైన్ కంపెనీలకి ఆదేశాలిస్తే, తీసేసిన క్లిప్ ప్రకటనలు 13,118 తేలాయి. ఇవి బీమా క్లెయిముకి కూడా అడ్డం రావచ్చని ఆ సంస్థ అప్పుడే చెప్పింది. బయటి బజారులో, సీటు కవర్ల షాపుల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయని మావాడి కారే సాక్ష్యం.

కేంద్ర రవాణా శాఖ లెక్క ఒకటి చెప్పి, అంకెలు ఇక చాలిస్తాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో బెల్టు పెట్టుకోని వాళ్లు 16,715 మంది. అందులో తోలేవాళ్లు 8,384, కూర్చున్నవాళ్లు 8,331. దాదాపు సగానికి సగం. కూర్చున్నవాళ్లకి బెల్టెందుకు అనే మాట ఈ రెండంకెలు పక్కపక్కన పెడితే నిలబడదు. ఆ ఏడాదే సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు గుద్దుకుంది. చాలా ఖరీదైన కారు, బ్యాగులన్నీ ఉన్నాయి. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు, వెనక కూర్చున్న ఇద్దరూ, మిస్త్రీతో సహా, పోయారు. వెనకవాళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. మనకి ఇంకా దగ్గరి జ్ఞాపకం, 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నల్లగొండ జిల్లాలో నటుడు నందమూరి హరికృష్ణ గారి ప్రమాదం. స్వయంగా తోలుకుంటూ నెల్లూరు వైపు పెళ్లికి వెళుతున్నారు. బెల్టు లేదని, కారులోంచి బయటికి విసిరేసినట్టు పడిపోయారని ఆ రోజు వార్తలన్నీ రాశాయి. ఎన్నో వేల కిలోమీటర్లు బండి తోలిన అనుభవం ఉన్న మనిషి ఆయన.

50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు గోడని గుద్దుకుంటే, లోపలి మనిషికి అది పది మీటర్ల ఎత్తు నుంచి పడటంతో సమానం. మూడంతస్తుల మేడ. చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని ఆపుకుంటాననేవాళ్లు మేడ మీంచి దూకి చేతులతో ఆపుకోగలరేమో ఆలోచించుకోవాలి.

ఇక ఈ స్విచ్చి చేతకానితనం కూడా దాచకుండా చెప్పాలి. దానికి తెలిసింది నాలిక లోపల ఉందా లేదా, అంతే. మనిషి సంగతి దానికి తెలియదు. బెల్టుని వీపు వెనక నుంచి పెట్టేసి ముందు కూర్చున్నా ‘ఊఁ’ అనే చెబుతుంది. భుజం పట్టీ మెడకి తగులుతోందని చంక కింద నుంచి వేసుకున్నా ‘ఊఁ’ అనే. నిండు చూలాలు నడుం పట్టీని పొట్ట కింద నుంచి కాక పొట్ట మీదుగా వేసుకున్నా అంతే. మనిషి ఉన్నాడో లేడో చెప్పే పని సీటు కింద పరిచిన బరువు సెన్సర్‌ది. అది కూడా అమాయకురాలే. కిందటి వారం రైతుబజారు నుంచి 25 కిలోల బియ్యం బస్తా పక్క సీట్లో పెట్టుకొస్తే సెన్సర్ దాన్ని మనిషి కిందే కట్టింది. నేనేం చేశాను? బస్తాకి బెల్టు పెట్టాను. సిగ్నల్ దగ్గర బైకు మీద కుర్రాడు నవ్వుకుంటూ పోయాడు. కానీ బస్తాని పక్క సీట్లోంచి తీసి డిక్కీలో పెట్టడమే సరైన పని. ఎగిరి తగిలితే ఆ దెబ్బ 25 కిలోలతో ఆగదు.

వెనక సీట్ల విషయంలో ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 16వ నంబరు ఒక తెలివైన దారి పట్టింది. వెనక సీట్లకి బరువు సెన్సర్ తప్పనిసరి చెయ్యలేదు. బయల్దేరేటప్పుడు ఎవరు పెట్టుకున్నారో డ్రైవర్‌కి చూపిస్తే చాలు. కానీ కారు కదులుతుండగా పెట్టుకున్న బెల్టు ఎవరైనా విప్పితే మాత్రం మోగాలి. ఖాళీ సీటు మీద మోత లేదు, సంచీల మీద తగువు లేదు. యూరప్‌లో 2019 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్లకి అన్ని సీట్లకీ ఈ హెచ్చరికలు వచ్చాయి. మన దగ్గర మిస్త్రీ ప్రమాదం తర్వాత అదే నెలలో వెనక సీటు అలారానికి ముసాయిదా నోటిఫికేషన్ వెలువడింది.

ఆటోనగర్ కుర్రాడు చెప్పినవి నాలుగు మాటలు మీకూ అందిస్తాను. బకిల్ నోట్లో నూనె, గ్రీజు, ఈ మధ్య అందరూ కొట్టేస్తున్న డబ్బా స్ప్రేలు కొట్టొద్దు. కొక్కెం జారిపోవచ్చు. కూల్ డ్రింకు ఒలికితే లోపల చక్కెర పాకంలా పట్టేస్తుంది. నాలిక బరువుగా కదిలినా, బొత్తాం నొక్కగానే ఎగిరి బయటికి రాకపోయినా మార్పించెయ్యండి. సీటు కింద ఊడ్చేటప్పుడు, ముఖ్యంగా వాక్యూమ్ పెట్టేటప్పుడు పసుపు రంగు కప్లర్లు కదిలించకండి. కార్లలో పసుపు వైర్లు సామాన్యంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని సొంతంగా విప్పటం, కత్తిరించి టేపు చుట్టడం ప్రాణాంతకం. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంజను శబ్దం వింటారు, టైర్లు తన్ని చూస్తారు. అంతకన్నా ముందు తాళం తిప్పి మీటర్ చూడండి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగాలి, కాసేపటికి ఆరాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే లేదంటే ఎవరో దాని కన్ను పొడిచి మీకు అమ్ముతున్నారు.

కారుకి పూజ చేయించండి. అక్షింతలు బానెట్ మీద చల్లమనండి.

ఒక మనవి మాత్రం చేసుకుంటాను. ఈ ప్రసంగం వింటున్నది కారులోనే అయితే, ఒకసారి మీ పక్క బకిల్ తడిమి చూడండి. పట్టీ లేని నాలిక చేతికి తగిలితే, ఎక్కడైనా ఆగి తీసెయ్యండి. ఇంకొకరికి ఇవ్వకండి, డ్రాయర్లో దాచకండి. నేను దాచాను కాబట్టే ఒకరోజు నా చేతికొచ్చింది.

మా బావమరిది ఇప్పుడు బెల్టు పెట్టుకుంటున్నాడు. క్లిప్ కొనటం కన్నా బెల్టు పెట్టుకోవటమే తేలికని తేల్చాడు. వెనక కూర్చునే చెల్లెమ్మ, పాప మాత్రం ఇంకా పెట్టుకోవటం లేదు. ఆ కారు వెనక బకిళ్లలో స్విచ్చిలు లేవు.